రువాండా బాధితుల మానసిక స్థితి గురించి తెలిసినవాళ్లు కాస్త చెబుతారా?

1994లో రువాండాలో దాదాపు వంద రోజులు సాగిన టుట్సీ తెగవాళ్ల ఊచకోత గురించి చదువుతున్నాను. చంపినవాళ్లలో చాలామంది ఇరుగుపొరుగువాళ్లే. గచాచా అనే ఊరి పంచాయతీలాంటి కోర్టుల్లో నేరం ఒప్పుకుని, శిక్ష ముగిశాక ఎందరో మళ్లీ అదే ఊరికి వచ్చేశారు. ఏటా ఏప్రిల్ 7న సంస్మరణ మొదలవగానే కొందరు బాధితులు ఉన్నట్టుండి కేకలు పెడతారట, ఎవరో వెంట తరుముతున్నట్టు పరుగెత్తుతారట. ఊచకోత తర్వాత పుట్టినవాళ్లలోనూ కొందరికి ఇలాగే అవుతోందట!

నా సందేహం ఏంటంటే, అందరి ముందూ సాక్ష్యం చెబితే మనసు తేలికపడుతుందా, పుండు మళ్లీ రేగుతుందా? పిల్లల విషయంలో, పెద్దల గాయం జన్యువుల ద్వారా వాళ్లకు వస్తుందన్న వాదన నాకు అంతగా ఎక్కలేదు. ఇంట్లో పెద్దల మౌనమే కారణమేమో అనిపిస్తోంది (తప్పైతే చెప్పండి). సైకాలజీ చదివినవాళ్లు, ఇలాంటి బాధితులతో పనిచేసినవాళ్లు ఎవరైనా వివరించగలరా?