పాత ఆంప్‌లో కెపాసిటర్లు మొత్తం పీకేయాలా, పాడైనవే మార్చాలా?

మల్కాజిగిరి మెలొడీ
అందరికీ నమస్తే. మా బావగారు లండన్‌లో ఇల్లు మారుతూ, మూలన పడి ఉన్న ఎన్‌ఏడీ కంపెనీ 3020 ఆంప్లిఫయర్‌ని సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి నాకోసం తెచ్చారు. 1978లో వచ్చిన మోడల్, ఎరిక్ ఎడ్వర్డ్‌సెన్ డిజైన్, కాగితం మీద ఛానల్‌కి 20 వాట్లే గానీ మొదటి రోజు వింటే మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి కూర్చుంది. బాధేంటంటే ఎడమ స్పీకర్ వస్తూ పోతూ ఉంది, వాల్యూమ్ తిప్పితే కరకర, పాట ఆపినప్పుడు సన్నగా హమ్మింగ్. దగ్గర్లో ఒక రిపేర్ షాపుకి తీసుకెళ్తే మూత కూడా తీయకుండా, "నలభై ఏళ్ల సరుకు సార్, కెపాసిటర్లు మొత్తం మార్చేద్దాం, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కొత్తవి వేద్దాం, పవర్ సప్లైలో ఉండే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు డబుల్ చేస్తే బేస్ దంచేస్తుంది" అని తొమ్మిది వేలు చెప్పాడు. నాకు సోల్డరింగ్ వచ్చు, బాల్కనీలో బల్ల, ఐరన్, మల్టీమీటర్ ఉన్నాయి. నేనే చేసుకుందామని. అన్నీ మార్చేయాలా, వెతికి పాడైనవే మార్చాలా?

డాలస్ డెసిబెల్
అన్నీ మార్చేయండి బ్రదర్, ఇందులో చర్చించడానికి ఏముంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ అంటే ఛార్జ్ దాచుకునే భాగం, లోపల తడిగా ఉండే రసాయనం, అది ఏళ్లు గడిచేకొద్దీ ఎండుతుంది, ఆ ఎండడం బయటికి కనపడదు. ఇవాళ ఒకటి మార్చి మూత బిగిస్తారు, ఆరు నెలలకు ఇంకోటి పోతుంది, మళ్లీ విప్పాలి. మొత్తం సెట్టుకి మంచి జపాన్ కెపాసిటర్లు, నిచికాన్, రూబీకాన్ లాంటివి తెప్పించినా షాపువాడు చెప్పినదాంట్లో సగం కూడా అవ్వదు. ఇక్కడ గరాజ్‌లో నేను ఇప్పటికి నాలుగు ఆంప్‌లు ఇలాగే చేశాను. ఎలాగూ విప్పారు కాబట్టి సిగ్నల్ దారిలో ఉన్నచోట ఫిల్మ్ (ప్లాస్టిక్ పొర) కెపాసిటర్లు, పవర్ సప్లైలో ఉన్నదానికి రెండింతల విలువ వేయండి. తేడా మీ చెవులే చెప్తాయి.

ఓం శాంతి
ఎడమ ఛానల్ వస్తూ పోతోంది అని ఆయన అడిగితే, మొత్తం కెపాసిటర్లు మార్చమంటారేంటండీ. కెపాసిటర్ ఎండితే ధ్వని తగ్గుతుంది, బేస్ పోతుంది, హమ్ వస్తుంది. ఇలా వచ్చి పోయి, వచ్చి పోయి ఆడుకోదు. వచ్చి పోయేది దాదాపు ఎప్పుడూ కాంటాక్ట్: స్విచ్, వాల్యూమ్ కంట్రోల్, సోల్డర్ పగులు.

మెలొడీ గారూ, ఐరన్ వేడెక్కించే ముందు ఆంప్ ఆపి వెనక వైపు చూడండి. ప్రీ-అవుట్, మెయిన్-ఇన్ (ముందు భాగం నుంచి బయటికి, పవర్ భాగం లోపలికి) అని సాకెట్లు, వాటిని కలుపుతూ 'యు' ఆకారంలో లోహపు లింకులు ఉంటాయి. పాట సిగ్నల్ మొత్తం ఆ లింకుల మీదుగానే పోతుంది. నలభై ఏళ్లు కదపకుండా ఉంటే వాటికి పొర పడుతుంది. కంపెనీ తప్పేం కాదు, ఏ లోహానికైనా జరిగేదే. తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, గట్టిగా తుడిచి పెట్టండి. ఇంకో లాభం కూడా ఉంది. మామూలు ఆర్‌సీఏ కేబుల్‌తో ఎడమ ప్రీ-అవుట్‌ని కుడి మెయిన్-ఇన్‌కి, కుడిదాన్ని ఎడమకి అడ్డంగా కలపండి. తేడా కుడి స్పీకర్‌కి మారిందంటే లోపం ముందు భాగంలో, ఎడమలోనే ఉండిపోతే పవర్ భాగంలో. రూపాయి ఖర్చు లేకుండా సగం ఆంప్ నిర్దోషి అని తేలిపోతుంది.

డాలస్ డెసిబెల్
సరే, లింకులు తుడవనివ్వండి. హమ్ సంగతి? అది కెపాసిటరే కదా.

ఓం శాంతి
కావచ్చు, కాకపోవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఏసీని డీసీ చేసే బ్రిడ్జ్ రెక్టిఫయర్ తర్వాత వచ్చే అలజడి (రిపుల్) 100 హెర్ట్జ్. బరువుగా, లోతుగా వినిపిస్తే 50, అది ఎర్త్ గొడవో కేబుల్ గొడవో. కాస్త గరగరగా ఉంటే 100, అప్పుడు ఫిల్టర్లని అనుమానించండి. వాల్యూమ్‌తో పాటు పెరిగితే ముందు భాగం, పెరగకపోతే వెనక భాగం. మీటర్‌ని ఏసీ మిల్లీవోల్ట్ రేంజ్‌లో పెట్టి రెండు ఫిల్టర్ కెపాసిటర్ల మీద రిపుల్ చూడండి, ఒకదాని మీద రెండోదానికంటే బాగా ఎక్కువ ఉంటే దొంగ దొరికినట్టే. లింకులు తీసేసి హమ్ వినాలనుకుంటే మాత్రం మెయిన్-ఇన్ సాకెట్‌కి లోపల షార్ట్ చేసిన ప్లగ్ పెట్టండి. ఖాళీగా వదిలితే అదే యాంటెన్నాలా హమ్ లాగుతుంది, దాన్ని చూసి మళ్లీ కెపాసిటర్లు కొనేస్తారు.

మైక్‌సెట్ మావయ్య
బాబూ, నేను ముప్పై ఏళ్లు పెళ్లిపందిళ్లకి, వినాయక చవితికి మైక్‌సెట్లు కట్టినవాణ్ని. కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్ కొలిచే ఈఎస్‌ఆర్ మీటర్లు మాకు లేవు గానీ సీరీస్ బల్బు ఉండేది. ఆంప్‌కి వెళ్లే ఫేజు వైరులో వంద వాట్ల బల్బు పెట్టి ఆన్ చెయ్యి. ఒక్కసారి భగ్గుమని వెలిగి సన్నగిల్లిందంటే లోపల షార్ట్ లేదు. అలాగే వెలుగుతూ ఉందంటే వెంటనే ఆపెయ్. బల్బు లేకుండా ఆన్ చేసి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాల్చుకున్నవాళ్లు మా ఊళ్లో ఎంతమందో. పాత ఫిలమెంటు బల్బే పెట్టాలి సుమా, మా మేనల్లుడు ఎల్‌ఈడీ బల్బు పెట్టి "వెలగట్లేదు మావయ్యా, ఆంప్ బాగానే ఉంది" అన్నాడు!

ఇంకోటి. కువైట్ నుంచి తెచ్చిన జపాన్ ఆంప్‌లు మా వైపు ప్రతి వీధిలో ఉండేవి. వాటి వెనక వోల్టేజి సెలెక్టర్ 220 మీదే ఉండిపోయేది. మా ఊళ్లో అర్ధరాత్రి దాటాక కరెంటు 250 కొట్టేది. కెపాసిటర్లు ఉబ్బేది వయసుకే కాదు, ఆ వోల్టేజికి కూడా.

డాలస్ డెసిబెల్
మావయ్య గారు నా వాదననే బలపరిచారు. 220కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మీద 250 పడితే లోపలి వోల్టేజి దాదాపు 14 శాతం పెరుగుతుంది, కంపెనీ 35 వోల్టుల కెపాసిటర్ వేసిన చోట అంచు మీద నడుస్తుంది. అందుకే 50 వోల్టులవి వేసి మార్చేయాలంటున్నా.

ఓం శాంతి
లండన్ సెట్ అయితే వెనక 240 అని రాసి ఉంటుంది, అప్పుడు ఆ భయం ఇక్కడ వర్తించదు. చూసి చెప్పమనండి. వోల్టేజి రేటింగ్ పెంచడం మంచిదే, నాకు అభ్యంతరం లేదు. రెండింతల విలువ (మైక్రోఫారడ్లు) అన్నారే, అక్కడే పేచీ. కెపాసిటర్ పెద్దదైతే ఆన్ చేసిన క్షణంలో లాగే కరెంటు పెరుగుతుంది. ఆ తర్వాత కూడా ప్రతి సైకిల్‌లో ఛార్జింగ్ తక్కువ సమయంలో, పెద్ద పెద్ద దెబ్బలుగా జరుగుతుంది. డయోడ్లు, ట్రాన్స్‌ఫార్మర్ ఆ దెబ్బలు తినాలి. 20 వాట్ల ఆంప్‌కి ట్రాన్స్‌ఫార్మర్ ఎంతుంటుందో తెలుసు కదా. ఇరవై, ముప్పై శాతం ఎక్కువ వేసుకోండి, ఫర్వాలేదు. రెండింతలు వేస్తే బేస్ దంచుతుందనేది మాత్రం, మూత మీద కొత్త పెయింట్ వేస్తే కారు స్పీడ్ పెరుగుతుందన్నట్టే.

కోఠి కండెన్సర్
ఇద్దరూ థియరీ మాట్లాడుతున్నారు, సామాను సంగతి నేను చెప్తా. కోఠిలో ఎలక్ట్రానిక్ సామాను దొరికే గుజరాతీ గల్లీకి వారానికి రెండుసార్లు వెళ్లేవాణ్ని. 3020లో అవుట్‌పుట్‌కి 2ఎన్3055, ఎంజే2955 జత ఉంటుంది. 2ఎన్3055 అంటే రేటింగ్ 115 వాట్లు, 15 ఆంపియర్లు. ఒకసారి నేను, ఎక్కడ కొన్నానో చెప్పను, చవగ్గా ఆరు తెచ్చా. వేసిన అరగంటకి రెండు పోయాయి. కోపంతో ఆక్సా బ్లేడుతో మూత కోసి చూస్తే లోపల చిప్పు బియ్యపు గింజంత ఉంది. పాత పాడైపోయిన అసలుది కోసి పక్కన పెడితే అందులో చిప్పు ఎన్నో రెట్లు పెద్దది. పైన ముద్ర మాత్రం అచ్చు అసలు కంపెనీదే.

పైగా ఆ నంబరు వెనక ఇంకో మతలబు. మొదట్లో వచ్చిన 2ఎన్3055లు చాలా నెమ్మది రకం, తర్వాత తయారీ పద్ధతి మారి వేగం కొన్ని రెట్లు పెరిగింది. పేరు అదే, లోపల మనిషి వేరు. సర్క్యూట్‌లో స్థిరత్వం కోసం పెట్టిన చిన్న కెపాసిటర్లు పాతదాని వేగాన్ని లెక్క వేసుకుని పెట్టినవైతే, ఇంకా వేగమైనది వేస్తే ఆంప్ చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో ఊగుతుంది. పాట బాగానే వస్తుంది, ట్రాన్సిస్టర్ల వేడి లాగే హీట్‌సింక్ మాత్రం కాలిపోతుంటుంది. అందుకే బాగా పనిచేసే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌ని "కొత్తది వేద్దాం" అని పీకడం కంటే తెలివితక్కువ పని లేదు అన్నా. అది నలభై ఏళ్లుగా పరీక్ష పాసవుతూనే ఉంది.

డాలస్ డెసిబెల్
ట్రాన్సిస్టర్ల విషయంలో ఒప్పుకుంటున్నాను, నేను ఆ మాట అనలేదు కూడా. కెపాసిటర్ల మీద లెక్కలే చూద్దాం. 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసిన కెపాసిటర్, ప్రతి పది డిగ్రీలు తగ్గేకొద్దీ ఆయుష్షు రెట్టింపు అనుకుంటే, 45 డిగ్రీల దగ్గర 32,000 గంటలు. రోజుకి మూడు గంటలు వింటే 29 ఏళ్లు. ఈ ఆంప్ వయసు అంతకు మించి. పైగా వాడకపోయినా అడుగున రబ్బరు బిరడా ముసలిదవుతూనే ఉంటుంది. ఏం అంటారు?

ఓం శాంతి
లెక్క బాగుంది. అదే లెక్కలో హీట్‌సింక్ పక్కన, వేడెక్కే రెసిస్టర్ పక్కన ఉన్నది ముందు పోతుందని, మూలన చల్లగా కూర్చున్నది ఇంకా చాలా ఏళ్లు ఉంటుందని కూడా వస్తుంది కదా. నా మాట అదే. వేడి దగ్గర ఉన్నవి, ఫిల్టర్లు, కొలిచినప్పుడు చెడ్డవని తేలినవి మార్చండి. మిగతావి వదిలేయండి. పాత బోర్డు మీద నలభై కెపాసిటర్లు పీకితే ఎనభై చోట్ల వేడి తగులుతుంది, రెండు చోట్లయినా రాగి ట్రాక్ లేచొస్తుంది, ఒకటైనా ప్లస్సు మైనస్సు తిరగబడుతుంది. ఆ తర్వాత ఆంప్ పలక్కపోతే పాత లోపమా, మీరు పెట్టిన కొత్త లోపమా ఎలా తెలుస్తుంది? అన్నీ మార్చేవాళ్లయినా సరే నాలుగేసి మార్చి, ఆన్ చేసి విని, మళ్లీ నాలుగు మార్చండి.

నిజంగా వయసుకి భయపడాల్సింది బయాస్ ప్రీసెట్లకి, అంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పాట లేనప్పుడు కూడా పారే కరెంటుని (బయాస్) సరిచేసే చిన్న తిప్పుడు రెసిస్టర్లకి. చాలా డిజైన్లలో ఆ ప్రీసెట్ లోపలి కాంటాక్ట్ ఒక్క క్షణం వదిలితే బయాస్ కరెంటు ఆకాశానికి పోయి అవుట్‌పుట్ జత మాడిపోతుంది. యాభై రూపాయల భాగం. దాని గురించి ఎవరూ మాట్లాడరు, కెపాసిటర్ల బ్రాండ్ల గురించి మాత్రం పేజీలు పేజీలు. మార్చాక అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఎమిటర్ కాలికి ఉన్న రెసిస్టర్ మీద వోల్టేజి కొలవండి, ఉదాహరణకి 0.22 ఓం మీద 5 మిల్లీవోల్టులు అంటే సుమారు 23 మిల్లీఆంపియర్లు. మీ సర్వీస్ మాన్యువల్‌లో ఎంతుందో అంతే పెట్టండి, ఆంప్ ఇరవై నిమిషాలు వేడెక్కాక మళ్లీ చూడండి.

కోఠి కండెన్సర్
దానికి తోడు, పాత యూరప్ సెట్లు తెచ్చుకునేవాళ్లందరికీ: మెయిన్స్ స్విచ్ దగ్గర పసుపు రంగులో అద్దంలా కనిపించే పేపర్ కెపాసిటర్ ఉంటే, దాని మీద సన్న పగుళ్లు కనిపిస్తే, చర్చ లేకుండా తీసేసి ఎక్స్2 రకం (మెయిన్స్ కరెంటు మీద పెట్టడానికి చేసిన సురక్షిత రకం) కొత్తది వేయండి. పేలితే ఇల్లంతా కంపు, రెండు రోజులు పోదు.

మల్కాజిగిరి మెలొడీ
అప్‌డేట్. వెనక 240 అనే ఉంది. యు లింకులు తీస్తే నల్లగా ఉన్నాయి, తుడిచి పెట్టా, ఎడమ ఛానల్ వచ్చేసింది, మూడు రోజులైంది ఒక్కసారి కూడా పోలేదు. క్లీనర్ కొట్టి వాల్యూమ్ యాభై సార్లు అటూ ఇటూ తిప్పా, కరకర తొంభై శాతం పోయింది. అంటే తొమ్మిది వేల పనిలో పెద్ద ముక్క రెండొందల క్లీనర్ డబ్బాతో అయిపోయింది. షాపుకి వెళ్లి ఈ మాట చెప్పాలనిపించింది గానీ వదిలేశా.

హమ్ మాత్రం ఉంది, వాల్యూమ్ సున్నాలో కూడా. రిపుల్ కొలిస్తే ఒక ఫిల్టర్ మీద రెండోదానికి మూడింతలు ఉంది. రెండూ మారుస్తున్నా, 50 వోల్టులవి, విలువ కాస్త ఎక్కువే, డాలస్ గారు చెప్పినంత కాదు. హీట్‌సింక్ పక్కన ఉన్న నాలుగు చిన్నవి కూడా తీసి కొలుస్తా. ప్రీసెట్లు రెండూ మారుస్తా. మిగతావి ముట్టుకోను.

డాలస్ డెసిబెల్
రెండేళ్ల తర్వాత మళ్లీ ఇక్కడికే వస్తారు, అప్పుడు మాట్లాడుకుందాం 🙂 విప్పేముందు ఫోటోలు తీసి పెట్టుకోండి, స్పీకర్ కలిపే ముందు అవుట్‌పుట్‌లో డీసీ ఎంతుందో చూడండి. యాభై మిల్లీవోల్టులు దాటితే స్పీకర్ కలపొద్దు.

ఓం శాంతి
ఈ ఒక్క పోస్టుకి లైక్ కొట్టాను.

మైక్‌సెట్ మావయ్య
అవన్నీ సరే గానీ బాబూ, ఫిల్టర్లు తీసేముందు వంద ఓం, ఐదు వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చెయ్యి, స్క్రూడ్రైవర్‌తో కాదు. కొత్తవి వేశాక బల్బు పెట్టి ఆన్ చేశావా? వెలిగి సన్నగిల్లిందా, అలాగే ఉందా, అది చెప్పు ముందు.