స్కాన్ చేసి ఇచ్చిన పుస్తకాన్ని ఆ అబ్బాయి ఫోన్ చదవడం లేదు, ఏం చెయ్యాలి?

జిరాక్స్ షాపు, ఆమదాలవలస:

మాది స్టేషన్ రోడ్డులో జిరాక్స్, డీటీపీ షాపు. మా వీధిలో ఒక కుర్రాడికి అస్సలు చూపు లేదు. డిగ్రీ అయిపోయి గ్రూప్-2కి చదువుతున్నాడు. ఇన్నాళ్ళూ వాళ్ళ చెల్లి చదివి వినిపించేది. ఇప్పుడు ఆ పిల్లకే ఇంటర్ పరీక్షలు. అందుకని ఎకానమీ పుస్తకం పట్టుకొచ్చి "అన్నయ్యా, స్కాన్ చేసి ఇయ్యి, ఫోన్లో వింటాను" అన్నాడు. పెద్ద మెషీన్ మీద పెట్టి పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపాను. చూడ్డానికి అద్దంలా ఉంది. ఫోన్లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ మాత్రం పేజీ నంబరు చెప్పి ఊరుకుంటోంది. పోనీ అని మా దగ్గర డీటీపీకి వాడే అను ఫాంట్‌లో టైపు చేసిన నోట్సు ఫైలు ఇస్తే అది ఇంకా ఘోరం. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిపి గడగడా వాగేసింది. అతను నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

చూపు లేనివాళ్ళ కోసం ఆన్‌లైన్ లైబ్రరీ ఉందనీ, వాలంటీర్లే పుస్తకాలు స్కాన్ చేసి ఎక్కిస్తారనీ విన్నాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షాపులో ఈగలు తోలుకోవడమే, మెషీన్ ఖాళీ. చెయ్యడానికి నేను రెడీ. ఎలా చెయ్యాలి? రేపు పబ్లిషర్ వచ్చి కేసు పెడితే?

సోషల్ టీచర్, విజయనగరం:

నాకు పుట్టుకతోనే చూపు లేదు. విజయనగరం దగ్గర హైస్కూల్లో పాఠాలు చెబుతాను. ముందుగా మీకు దండం, ఇలా అడిగే జిరాక్స్ షాపు నాకు ఇంతవరకు తగల్లేదు.

మీ పీడీఎఫ్‌లో ఉన్నవి అక్షరాల బొమ్మలు. వాటిని అక్షరాలుగా మార్చడమే ఓసీఆర్. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు బాగానే వస్తుంది. పెద్ద ఫైలైతే మొరాయిస్తుంది కాబట్టి అధ్యాయాల వారీగా విడగొట్టండి. స్కానింగ్ స్పష్టత 300 డీపీఐ చాలు. బైండింగ్ దగ్గర పేజీ వంగితే అక్కడి అక్షరాలన్నీ పాడవుతాయి. ఆ అబ్బాయి సరేనంటే మీ కటింగ్ మెషీన్‌తో పుస్తకం వెన్ను కోసేసి, పేజీలు ఫీడర్‌లో పెట్టి, తర్వాత స్పైరల్ వేసి ఇచ్చెయ్యండి. అను ఫాంట్ ఫైళ్ళలో లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే; వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఫోన్ తెలుగుగా గుర్తుపట్టే అక్షరాల్లోకి, మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి.

ఇదంతా మెషీన్ పని. అసలు పని దీని తర్వాత మొదలవుతుంది. చాలామంది వాలంటీర్లు సరిగ్గా అక్కడే జారుకుంటారు.

అక్షరం తప్పు పడితే నా చెవికి తెలిసిపోతుంది. 'ధనం' కాస్తా 'థనం' అయినా, ఒక వత్తు ఎగిరిపోయినా సర్దుకుని అర్థం చేసుకుంటాను. అంకె తప్పితే మాత్రం తెలియదు. మొదటి పంచవర్ష ప్రణాళిక 1951లో మొదలైంది. ఓసీఆర్ దాన్ని 1957 చేస్తే ఫోన్ ఎంతో నమ్మకంగా 1957 అనే చదువుతుంది, వీడు అదే పట్టుకెళ్ళి పరీక్షలో పెట్టేస్తాడు. కాబట్టి మీకు టైమ్ తక్కువుంటే అక్షరదోషాలు వదిలెయ్యండి. సంవత్సరాలు, శాతాలు, కోట్లు మాత్రం పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూడండి.

ఇంకోటి, ప్రతి పేజీ నెత్తిన పుస్తకం పేరు ఉంటుంది చూడండి, అది తీసెయ్యండి. లేకపోతే వాక్యం మధ్యలో "పేదరిక నిర్మూలనకు భారత ఆర్థిక వ్యవస్థ ప్రభుత్వం చేపట్టిన" అని వినపడుతుంది. పేజీ నంబరు మాత్రం విడిగా ఒక లైన్లో ఉంచండి, స్నేహితులు "142వ పేజీ చూడు" అన్నప్పుడు వెతుక్కోవాలి కదా. అధ్యాయం పేరు లావు అక్షరాల్లో పెట్టినంత మాత్రాన మాకు తెలియదు. వర్డ్‌లో 'హెడింగ్ 1' అనే స్టైల్ పెడితే ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి గెంతగలం.

జూనియర్ అడ్వకేట్, శ్రీకాకుళం:

కేసు సంగతి నేను చెబుతాను. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో సెక్షన్ 52లో ఒక మినహాయింపు వచ్చింది. వైకల్యం ఉన్నవాళ్ళు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాన్ని ఎవరైనా మార్చి వాళ్ళకి ఇవ్వొచ్చు, పబ్లిషర్ అనుమతి అక్కర్లేదు. లాభం తీసుకోకూడదు, అయిన ఖర్చు మాత్రం తీసుకోవచ్చు. ఆ ఫైలు వాళ్ళకే చేరాలి. మీరు దాన్ని టెలిగ్రామ్‌లో గ్రూప్-2 బ్యాచ్ అందరికీ పెట్టేస్తే మాత్రం ఈ మినహాయింపు మిమ్మల్ని కాపాడదు.

మీరు విన్న లైబ్రరీ సుగమ్య పుస్తకాలయ అయి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం, చూపు లేనివాళ్ళకి పుస్తకాలు అందించే సంస్థల వేదిక డైసీ ఫోరమ్ ఆఫ్ ఇండియా కలిసి 2016 ఆగస్టులో మొదలుపెట్టాయి. ముందు ఆ అబ్బాయిని అందులో సభ్యుడిగా చేర్పించి, పుస్తకం ఇప్పటికే ఉందేమో చూడండి. ఉన్నదాన్నే మళ్ళీ స్కాన్ చెయ్యడం దండగ. అమెరికాలోని బుక్‌షేర్ అనే ఇలాంటి ఆన్‌లైన్ లైబ్రరీ కూడా 2002లో ఇలాగే వాలంటీర్లు స్కాన్ చేసిన పుస్తకాలతోనే మొదలైంది.

రిటైర్డ్ తెలుగు లెక్చరర్, విజయనగరం:

నాదొక మాట. గ్రూప్-2 గైడుకి రెండేళ్ళకి కాలం చెల్లిపోతుంది. అంత కష్టపడేది మన సాహిత్యం మీద పడకూడదా? గురజాడ పోయింది 1915లో, గిడుగు 1940లో. రచయిత పోయాక 60 ఏళ్ళే కదా హక్కులు, వీళ్ళవి ఎవరికైనా ఇవ్వొచ్చు. శ్రీకాకుళంలో కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు గారు) 1997లో పెట్టిన కథల లైబ్రరీ కథానిలయం వాళ్ళు వేల కథలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. అలాంటివాటిని వినే రూపంలోకి తెస్తే నాలుగు కాలాలు నిలుస్తాయి.

సోషల్ టీచర్, విజయనగరం:

మాస్టారూ, మీ మాట కొట్టిపారెయ్యను. పాత అచ్చుకి మీలాంటివారే కావాలి. అందులో వలపలగిలక, అంటే అక్షరం పక్కన 'ర్' కోసం వేసే పాత గుర్తు, ఉంటుంది కదా, ఓసీఆర్ దాన్ని తెలుగు తొమ్మిది అంకె అనుకుంటుంది. 'ధర్మము' అని ఉన్నచోట నా ఫోన్ "ధమ తొమ్మిది ము" అని చదివింది. అవి దిద్దాలంటే పాత పుస్తకాలు చదివిన కన్ను ఉండాలి, మీరు మొదలుపెడితే నేను విని చెబుతాను.

కానీ ఆ కుర్రాడు అడిగింది ఎకానమీ. మాకేం కావాలో చూపున్నవాళ్ళు నిర్ణయించి పుణ్యానికి ఇవ్వడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నా చిన్నప్పుడు భక్తి క్యాసెట్లు కుప్పలుగా ఇచ్చారు, లెక్కల పుస్తకం ఒక్కడూ ఇవ్వలేదు. ముందు వాడికి ఉద్యోగం రానివ్వండి, గురజాడని వాడే అడుగుతాడు.

జిరాక్స్ షాపు, ఆమదాలవలస:

అందరికీ థాంక్స్ అండి. బ్యాంకింగ్ అధ్యాయం ఒకటి పూర్తయింది. అంకెలు మా ఆవిడ పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటూ చూసింది. వడ్డీ రేట్ల దగ్గర దశాంశ బిందువులు చాలాచోట్ల ఎగిరిపోయాయి, 6.5 కాస్తా 65 అయింది! అతను విని, స్పీడు పెంచుకుని మళ్ళీ విన్నాడు. ఆ స్పీడులో నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు. కరెంటు, స్పైరల్ డబ్బులు మాత్రం తీసుకుంటున్నాను, వద్దంటే అతను ఊరుకోవడం లేదు.

టీచర్ గారూ, పట్టికలు, గ్రాఫులు ఉన్నచోట ఏటి చెయ్యాలి? పట్టికలో అంకెలన్నీ ఒకే వరసలో కలిసిపోయి వస్తున్నాయి.

సోషల్ టీచర్, విజయనగరం:

చిన్న పట్టికైతే ఒక్కో వరసని ఒక్కో వాక్యంగా రాసెయ్యండి: "1991లో ఇంత, 2001లో ఇంత" అని. పెద్దదైతే వర్డ్‌లో నిజమైన టేబుల్ పెట్టండి, స్పేస్‌బార్‌తో జరిపి కాదు. గ్రాఫుకి అది ఏం చెబుతోందో రెండు వాక్యాలు చాలు. గీత ఎర్రగా ఉందా నీలంగా ఉందా మాకెందుకండీ, పెరిగిందా తగ్గిందా చెప్పండి. తర్వాతి అధ్యాయం నాకూ పంపండి, ఆదివారం వింటాను.