62లో మన యుద్ధవిమానాలు ఎందుకు లేవలేదు? లేస్తే గెలిచేవాళ్ళమా?

గుంటూరుఘాటు:
ప్రతి అక్టోబరులోనూ ఈ పుండు కెలుక్కుంటాం, తెలుసు. అయినా అడుగుతున్నా. 1962 అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది, నవంబరు 21న వాళ్ళంతట వాళ్ళే కాల్పులు ఆపారు. ఆ నెల రోజులూ మన జెట్ యుద్ధవిమానాలు, అంటే హంటర్లు, మిస్టేర్లు, తూఫానీలు, కాన్‌బెర్రా బాంబర్లు, హ్యాంగర్లలో పడున్నాయి. టిబెట్‌లో రన్‌వేలు 4 వేల మీటర్ల ఎత్తున. ఆ పల్చటి గాలిలో బాంబులూ ఇంధనమూ నిండా వేసుకుని విమానం లేవదు. మన అస్సాంలోని తేజ్‌పూర్ వాయుసేన స్థావరం మైదానంలో ఉంది. ఇంత అనుకూలం పెట్టుకుని చేతులు ముడుచుకున్నాం. దాడికి వాడి ఉంటే ఫలితం వేరేగా ఉండేదని 2012లో వాయుసేనాధిపతి బ్రౌన్ గారే అన్నారు. ఇంకేం చర్చ?

పాతకాగితాలు:
చాలా ఉంది. ముందు, కాన్‌బెర్రాలు హ్యాంగర్లలో లేవు. వాయుసేన 106 స్క్వాడ్రన్ (దళం) వాటితో సరిహద్దు ఫొటోలు తీసింది. సరిదిద్దండి.
దాడి మొదలైన నమ్‌కా చూ ఏరు, తవాంగ్ వైపు సరిహద్దులో, ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా? ఇరుకు లోయ, దట్టంగా చెట్లు. ఏటికి అటు వాళ్ళు, ఇటు మనవాళ్ళు. జెట్‌లో దూసుకెళ్ళే పైలట్‌కి ఎవరెవరో ఎలా తెలుస్తుంది? "ఇదిగో ఇక్కడ వెయ్యి" అని కిందనుంచి రేడియోలో చెప్పేదెవరు? మనవాళ్ళ మీదే పడితే?
పైగా మనం వేస్తే వాళ్ళు తిరిగి కలకత్తా మీద బాంబులు వేస్తారన్న భయం. చైనా వాయుబలాన్ని మన ఇంటెలిజెన్స్ బ్యూరో ఉన్నదానికంటే పెద్దదిగా లెక్కేసింది, నిజమే. కానీ ఆ రోజు నెహ్రూ బల్ల మీదున్నది ఆ లెక్కే.

గోదారోడు:
కలకత్తా భయం ఊహ కాదండీ. 1942లో జపాన్ వాళ్ళు వేశారుగా. అదే ఏడు ఏప్రిల్లో మన విశాఖ, కాకినాడల మీద కూడా పడ్డాయి. ఇరవయ్యేళ్ళకి మర్చిపోతారా ఎవరైనా.

రన్‌వే09:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా 🍿

గుంటూరుఘాటు:
సరే, నమ్‌కా చూ వదిలేద్దాం. నవంబరు మాటేంటి? తవాంగ్ చేతికొచ్చాక చైనా వాళ్ళు సరిహద్దులోని బుమ్‌లా కనుమ నుంచి రోడ్డు వేసుకున్నారు, సామాను దాని మీదే వచ్చింది. కొండ అంచున పోయే లారీలకి చెట్ల చాటు ఎక్కడిది? సేలా కనుమ, బొమ్‌డిలా పట్టణం మన చేతిలోంచి పోయింది ఆ తరవాతే.
ఇంకోటి. నవంబరు 19న నెహ్రూ కెనెడీకి ఏం రాశాడు? 12 స్క్వాడ్రన్ల సూపర్‌సానిక్ ఫైటర్లు పంపమని, వాటిని నడిపే అమెరికన్లతో సహా! ఇంట్లో పిల్లల్ని కట్టేసి పక్కింటి పిల్లల్ని కొట్లాటకి పిలవడం కాదా?

పాతకాగితాలు:
ఆ ఉత్తరం పూర్తిగా చదివారా? అమెరికన్లు మన నగరాల్ని కాయడానికి. అలా కాస్తే మన విమానాలు చైనా మీదకి వెళ్ళొచ్చని. అంటే నగరాలకి రక్షణ లేదనే కదా ఆగింది? మీ సాక్ష్యం నా వైపు పలుకుతోంది. కాన్‌బెర్రా సంగతి ఇంకా సరిదిద్దలేదు.

గుంటూరుఘాటు:
మీకు ఎంతసేపూ నెహ్రూని వెనకేసుకురావడమే పని.

పాతకాగితాలు:
మీకు ఎంతసేపూ ఆయన్ని తిట్టడానికి ఒక యుద్ధం కావాలి. విమానాలు ఒక సాకు.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. నెహ్రూ గురించి వేరే చర్చ ఉంది, అక్కడ రాసుకోండి.

సికింద్రాబాద్_శీను:
పొద్దుగాల సంది చదువుతున్న. మా నాయన ఎయిర్‌మన్. అస్సాం జోర్హాట్‌ల డకోటాలకు, అంటే సామాన్ల విమానాలకు, ఫిట్టరు. పెండ్లిళ్లల్ల చుట్టాలు "మీ వాయుసేన అప్పుడు పండుకున్నదంట గదా" అని నవ్వేటోళ్లు. ఆయన తల దించుకొని బువ్వ తినేటోడు. ఆయన పోయినంక గూడ మీరు అదే మాట రాసిన్రు, "చేతులు ముడుచుకున్నాం" అని.
ఎవరు ముడుచుకున్నరు? నమ్‌కా చూ పైన సాంగ్‌ధర్ 14,500 అడుగుల మీద ఉన్నది. అక్కడ డకోటాలు, ప్యాకెట్ అనే రవాణా విమానాలు సామాన్లు దించినయి. సగం లోయలకు దొర్లిపోయినయి, అయినా మళ్ల పోయిన్రు. అక్టోబరు 20 పొద్దుగాల ఆడికి పోయిన హెలికాప్టర్ తిరిగి రాలే, అందుల ఇద్దరు పోయిన్రు. లడఖ్‌ల చుషూల్‌ల ఆంటనోవ్ రవాణా విమానాలు ఏఎమ్‌ఎక్స్ ట్యాంకులు మోసుకపోయి దించినయి. బాంబు వేస్తేనే వాయుసేననా? గ్రీజు చేతులోళ్లు లెక్కల లేరా?

రన్‌వే09:
🙏

గుంటూరుఘాటు:
శీను గారూ, నేనన్నది ఫైటర్ల గురించి. మీ నాన్నగారిని కాదు.

సికింద్రాబాద్_శీను:
చదివెటోనికి ఆ తేడా ఎట్ల తెలుస్తదన్నా?

గుంటూరుఘాటు:
ఇది రాయకూడదనుకున్నా. మా పెదనాన్న ఆర్మీ సిగ్నల్స్‌లో సేలా దగ్గర ఉన్నాడు. భూటాన్ మీదుగా రోజుల తరబడి నడిచి బయటపడ్డాడు, కాలివేళ్ళు పోయాయి. ఆఖరి దాకా ఒకటే మాట. "ఇంజన్ చప్పుడు వినపడగానే తల పైకెత్తేవాళ్ళం రా. వస్తే సామాన్ల విమానం, లేకపోతే ఏమీ లేదు." ఢిల్లీ లెక్కలు ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను అడిగేది ఆయన తరఫున. నెహ్రూ వచ్చాడంటే ఇంకెవర్నడగాలో తెలీక.

సికింద్రాబాద్_శీను:
ఆ సామాన్ల విమానమే అన్నా నేను చెప్పేది.

గుంటూరుఘాటు:
తెలుసు. ఆయనకి కావలసింది ఇంకోటి.

పాతకాగితాలు:
ఇద్దరి పెద్దలకీ నమస్కారం. అయినా మొదటి పోస్టులో కాన్‌బెర్రాలు ఇంకా హ్యాంగర్లలోనే ఉన్నాయి.