హిల్ క్లైంబ్ రేసింగ్: జీప్ వెనక్కి తిరగబడుతోంది, కాయిన్లు ముందు దేనికి పెట్టాలి?

చిన్నబ్రేక్:
ఫింగర్‌సాఫ్ట్ వాళ్ల 2012 నాటి పాత గేమ్ గురించి అడుగుతున్నా, రెండో భాగం కాదు. స్టేజ్ కంట్రీసైడ్, బండి మొదట్లో ఇచ్చే జీప్. ఇంజిన్ బాగా పెంచాను, మిగతా మూడూ (ఫోర్ వీల్ డ్రైవ్, సస్పెన్షన్, టైర్లు) దాదాపు ముట్టుకోలేదు. గుట్ట ఎక్కుతుంటే ముందు చక్రం లేచి బండి వెనక్కి పడుతోంది, డ్రైవర్ బిల్ మెడ విరిగి ఆట అయిపోతోంది. పోనీ నెమ్మదిగా వెళ్దామంటే పెట్రోల్ చాలట్లేదు. ఇందులోనే అప్‌గ్రేడ్‌లు చేయాలా, ఇంకో బండి కొనాలా?

గ్యాస్‌గురు:
బండి మార్చక్కర్లేదండి. ఇంజిన్ ఒక్కటే పెంచడం వల్ల వచ్చిన తిప్పలివి. ఫోర్ వీల్ డ్రైవ్ పెంచనంతవరకు బలమంతా వెనక చక్రం మీదే పడుతుంది. ఏటవాలులో గ్యాస్ పెడల్ (యాక్సిలరేటర్) గట్టిగా నొక్కితే, వెనక బరువెక్కువైన ఎడ్లబండి కాడి లేచినట్టు ముందు భాగం లేస్తుంది. ఇంజిన్ జోలికి కొన్నాళ్లు పోకండి. ముందు ఫోర్ వీల్ డ్రైవ్ కొన్ని మెట్లు పెంచండి, ముందు చక్రం కూడా లాగడం మొదలెడుతుంది. తర్వాత సస్పెన్షన్. అది కుదుపు తగ్గించడమే కాదు, బండి బరువును కిందికి దించుతుంది కాబట్టి తిరగబడడం తగ్గుతుంది. టైర్లు కంట్రీసైడ్‌లో చివర పెంచినా నష్టం లేదు, ఆర్కిటిక్ మంచు మీదికి వెళ్లేముందు మాత్రం తప్పనిసరి.

గుట్ట మీద గ్యాస్ నొక్కి పట్టుకోవద్దు. టప్ టప్‌మని విడివిడిగా నొక్కండి. ముక్కు లేస్తోందనిపించగానే వేలు తీసేయండి, అప్పటికీ దిగకపోతే బ్రేక్ ఒక్కసారి తాకించండి. బ్రేక్ పట్టుకునే ఉంటే ఆగి వెనక్కి జారుతుంది, ఊపంతా పోతుంది. ఆ ఊపు కింద పల్లంలోనే తెచ్చుకోవాలి, సగం ఎక్కాక తెచ్చుకోవడం కష్టం.

గాల్లోబిల్:
పైవన్నీ కరెక్టే. కానీ చాలామంది పోయేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. గాల్లో ఉన్నప్పుడు పెడల్స్ పని మారిపోతుంది: గ్యాస్ నొక్కితే ముక్కు పైకి, బ్రేక్ నొక్కితే ముక్కు కిందికి తిరుగుతుంది. చక్రం ఒకవైపు తిరిగితే బాడీ దానికి ఎదురు తిరగడం, అంతే. శిఖరం దాటాక గ్యాస్ వదలకుండా ఎగిరితే వెనక్కి పల్టీ ఖాయం. అంచుకి రాగానే వేలు తీసి, కింద నేల ఏ వాలులో ఉందో చూసి బండిని అదే వాలుకి తేవాలి. రెండు చక్రాలూ ఒకేసారి తాకితే ఊపు మిగులుతుంది. ముక్కు ముందు గుచ్చుకుంటే బోర్లా పడుతుంది.

బండి ఎలా పడినా పర్లేదు, బిల్ తల నేలకి తగలకూడదు. గుహ స్టేజ్‌లో పైకప్పుకి తగిలినా అదే గతి, అక్కడ ఎగరడం తగ్గించండి.

పెట్రోల్‌పిచ్చి:
పెట్రోల్ సంగతి ఎవరూ చెప్పలేదు. గ్యాస్ నొక్కకపోయినా, నిలబడి ఉన్నా ట్యాంక్ దిగుతూనే ఉంటుంది. అందుకే నెమ్మదిగా నడిపితే పొదుపు అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. దాటిపోయిన 5 కాయిన్ కోసం వెనక్కి వెళ్లడం శుద్ధ దండగ, 500ది అయితే ఆలోచించొచ్చు. దూరం పెరిగేకొద్దీ దారిలో దొరికే పెట్రోల్ డబ్బాల మధ్య ఎడం కూడా పెరుగుతుంది, కాబట్టి మొదట్లోనే ఊపుగా వెళ్లడం అలవాటు చేసుకోండి.

కాయిన్ల విషయంలో గ్యాస్‌గురు గారితో కొంచెం తేడా ఉంది. జీప్‌ని పూర్తిగా పెంచేదాకా కంట్రీసైడ్‌లోనే కూర్చోవద్దు. ప్రతి మెట్టుకీ ధర పెరుగుతుంది, చివరి మెట్ల ఖర్చుకి తగ్గ లాభం రాదు. నాలుగూ సగం దాకా తెచ్చి, మిగిలింది చంద్రుడి స్టేజ్‌కి దాచండి. అక్కడ గురుత్వాకర్షణ తక్కువ, చిన్న మిట్టకే చాలాసేపు గాల్లో ఉంటుంది, గాల్లో ఉన్నంతసేపూ బోనస్ కాయిన్లు పడతాయి.

చిన్నబ్రేక్:
థాంక్స్ అందరికీ. ఫోర్ వీల్ డ్రైవ్‌తో మొదలెడతా. ఒక్క డౌట్: ట్యాంక్ సున్నా అయ్యాక బండి ఇంకా దొర్లుతుంటుంది కదా, ఆ ఊపులో డబ్బా అందితే లెక్కలోకి వస్తుందా? ఇంకోటి, అప్పుడప్పుడు గ్యాస్ నొక్కినా పట్టదు.

పెట్రోల్‌పిచ్చి:
వస్తుంది. పూర్తిగా ఆగేలోపు డబ్బాకి తాకితే చాలు, ఆట కొనసాగుతుంది. అందుకే ముల్లు ఎర్రలోకి దిగాక ఎదురుగా పల్లం ఉంటే పూర్తి గ్యాస్ కొట్టండి.

గాల్లోబిల్:
పెడల్ పట్టకపోవడం చాలాసార్లు ఫోన్ వల్లే. పెడల్స్ స్క్రీన్ అడుగు మూలల్లో ఉంటాయి, బొటనవేలు అంచు నుంచి జారితే ఫోన్ దాన్ని వెనక్కి వెళ్లే సైగ అనుకుంటుంది. సెట్టింగ్స్‌లో సైగలు తీసేసి మూడు బటన్ల పద్ధతి పెట్టండి, లేదా ఫోన్‌లో గేమ్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. బ్యాటరీ సేవర్ ఆపండి, దానివల్ల ఆట తడబడి నొక్కింది ఆలస్యంగా అందొచ్చు. చేతులు చెమటపడితే స్క్రీన్ తుడుచుకోండి, తడి మీద టచ్ సరిగా పట్టదు. ఇవన్నీ చేసినా కాకపోతే యాప్ డేటా మాత్రం క్లియర్ చేయకండి, కాయిన్లూ అప్‌గ్రేడ్‌లూ దాంతోపాటే పోయే ప్రమాదం ఉంది. క్యాష్ వరకే క్లియర్ చేయండి.