పాత 800 లీన్ కొడుతుంది (గాలికి తగ్గ పెట్రోల్ అందుతలేదు), జెట్ మార్చాల్నా?

హన్మకొండ800:
97 మోడల్ మారుతి 800, కార్బరేటర్ బండి. ఇంజిన్ వేడెక్కినంక ఐడిల్ (ఎక్సలేటర్ తొక్కకుండ ఇంజిన్ నడిచే వేగం) నిలుస్తలేదు. సిగ్నల్ కాడ క్లచ్ వదిలి ఎక్సలేటర్ తొక్కంగనే కార్బరేటర్ లోంచి టప్ మని దగ్గుతది. చోక్ (కార్బరేటర్ ల గాలిని తగ్గించే మూత) పావు వంతు గుంజితే మాత్రం సాఫ్ గ ఉరుకుతది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్ మొన్ననే మార్చిన. మెకానిక్ పెద్ద మెయిన్ జెట్ (స్పీడుల పెట్రోల్ ను కొలిచే సన్న రంధ్రం) ఏద్దామంటున్నడు. ఏపియ్యాల్నా?

కార్బ్ మేస్త్రి:
జెట్ ముట్టకున్రి అన్నా. చోక్ తోటి బాగుపడ్డదంటే లీన్ అన్నది ఖాయం. అయితే పెట్రోల్ తక్కువొస్తుందా, గాలి ఎక్కువ జొరబడుతుందా అన్నది చోక్ చెప్పదు. ఐడిల్ చెడి, స్పీడుల మంచిగుంటే గాలి లీకు. ఐడిల్ మంచిగుండి, జనగామ రోడ్డెక్కి 70 దాటినంక గుంజకపోతే పెట్రోల్ కొరత. మీది మొదటి రకం లెక్కనే ఉంది. ఐడిల్ పెట్రోల్ ను కొలిచేది పైలట్ జెట్. మెయిన్ జెట్ పెంచితే రోగం అట్లనే ఉంటది, మైలేజీ పోతది.

మూడు ప్లగ్గులూ విప్పి పక్కపక్కన పెట్టున్రి. పింగాణీ లేత గోధుమ రంగుంటే సరే, సున్నమేసినట్టు తెల్లగుంటే లీన్. మూడూ తెల్లగుంటే కార్బరేటర్ కింది ప్యాకింగ్, ఫ్లోట్ లెవెల్ (కార్బరేటర్ గిన్నెల పెట్రోల్ మట్టం), పెట్రోల్ పంపు చూడాలె. ఒక్కటే తెల్లగుంటే ఆ సిలిండర్ కాడ మానిఫోల్డ్ (కార్బరేటర్ నుంచి సిలిండర్లకు పోయే గొట్టాలు) ప్యాకింగ్ పోయినట్టే.

పాతబండి_కాజీపేట:
డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) వాక్యూమ్ పైపు గుడ చూడున్రి. కార్బరేటర్ దిక్కు కొస పీకి నోటితోటి గాలి గుంజి నాలుకతో మూస్తే, నాలుక అంటుకొనే ఉండాలె. వదిలేస్తే డయాఫ్రమ్ (లోపలి సన్న పొర) చిరిగినట్టు. అప్పుడు గాలి లీకూ ఉంటది, అడ్వాన్సూ (స్పార్క్ ను ముందుకు జరిపేది) పోతది.

ఇంకోటి, ఇప్పుడొచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్. మామూలు పెట్రోల్ ఒక వంతుకు బరువు లెక్కన గాలి 14.7 వంతులు కావాలె, దీనికి సుమారు 13.5 వంతులే. కార్బరేటర్ కు సెన్సర్ లేదు, సర్దుకోలేదు. అందుకే పాత సెట్టింగ్ మీద కొంచెం లీన్ ఎట్లయినా అయితది. పాత రబ్బరు పైపులు గుడ దానికి మెత్తబడి పగుల్తయి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపు పగిలితే పెట్రోల్ కారకపోవచ్చు, గాలిని గుంజుకుంటది. పారదర్శకమైన ఫిల్టర్ల బుడగలు ఆగకుండ వస్తుంటే అదే.

హన్మకొండ800:
ప్లగ్గులు చూసిన. రెండు గోధుమ రంగు, 1వ నంబర్ ఒక్కటే తెల్లగుంది. బుడగల్లేవు. వాక్యూమ్ పైపు నాలుకను వదలకుండ పట్టే ఉంది.

కార్బ్ మేస్త్రి:
అయితే దొరికింది. ఇంజిన్ ఐడిల్ ల పెట్టి, 1వ సిలిండర్ కాడ మానిఫోల్డ్ జాయింటు మీద స్ప్రే సీసాతో నీళ్లు కొట్టున్రి. డిస్ట్రిబ్యూటర్, ప్లగ్ వైర్ల మీద పడొద్దు. నీళ్లు పడంగనే ఇంజిన్ సప్పుడు మారితే లీకు అక్కడనే. కార్బ్ క్లీనర్ వాడకున్రి, వేడి ఎగ్జాస్ట్ మీద పడితే అంటుకుంటది.

ముందుగాల ఇంజిన్ సల్లబడ్డంక నట్లు బిగించి చూడున్రి. ఆగకపోతే మానిఫోల్డ్ విప్పి కొత్త ప్యాకింగ్ ఏయాలె. పాత ప్యాకింగ్ ముక్కలు గీకేటప్పుడు అల్యూమినియం మీద గీతలు పడొద్దు. జాయింటు మీద స్టీల్ స్కేలు ఆనిచ్చి చూడున్రి, కింద 0.10 ఎంఎం ఫీలర్ (సందు కొలిచే సన్న రేకు) దూరితే సర్ఫేసింగ్ చేపియ్యాలె (ముఖం మట్టంగ అరగదీపియ్యాలె). ఉత్త సీలెంట్ రాసి ఎక్కిస్తే మళ్ల అదే కథ. బిగించుడు నడిమి నుంచి బయటికి, రెండు మూడు దఫాలుగ.

ఐడిల్ మిక్స్చర్ స్క్రూ (ఐడిల్ ల గాలి, పెట్రోల్ పాళ్లు సర్దేది) ఆఖరికి ముట్టున్రి, అదీ ఎయిర్ ఫిల్టర్ ఎక్కించినంకనే. లీకు ఉండంగ సెట్ చేసింది లీకు పోయినంక రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అయి, ప్లగ్గులు నల్లబడ్తయి.