పెడల్ ఊడట్లేదు, పొద్దున్నే ఫ్లైట్ (సెల్మా రైడ్): అర్జెంట్

డల్లాస్_చక్రం, రాత్రి 9:12
మూడు గంటల నుంచి ఇదే పని. సైకిల్ పెట్టెలో సర్దాలంటే పెడల్స్ తీయాలి కదా, ఒకటి అంగుళం కూడా కదలట్లేదు. నూనె స్ప్రే కొట్టాను, కీ మీద కాలు పెట్టి తొక్కాను, అరచెయ్యి చెక్కుకుపోయింది. వీడియోలో చూపించినట్టే చేస్తున్నాను. పొద్దున ఆరింటికి ఫ్లైట్. శనివారం అమెరికాలోని అలబామా రాష్ట్రంలో సెల్మా నుంచి మాంట్‌గొమరీ దాకా గ్రూప్ రైడ్, 51 మైళ్ళు. ఆరు నెలలుగా దీని కోసమే తొక్కుతున్నాను. ఎవరైనా దారి చూపించండి ప్లీజ్.

మరమేకు, 9:19
ఎడమ పెడల్‌కి ఉల్టా మర.

డల్లాస్_చక్రం, 9:21
తెలుసండీ. అలాగే తిప్పుతున్నాను. అయినా రావట్లేదు.

చరిత్ర_మాస్టారు, 9:30
బాబూ, మంచి రైడ్‌కి వెళ్తున్నావు. వెళ్ళే ముందు ఒక మాట. దీన్ని ఉత్త సైకిల్ పోటీలా చూడొద్దు. 1965 మార్చి 7న నల్లజాతివాళ్ళ ఓటు హక్కు కోసం సెల్మా నుంచి కాలినడకన బయల్దేరిన ఆరువందల మందిని పోలీసులు లాఠీలతో, టియర్ గ్యాస్‌తో చితకబాదిన దారి అది. సెల్మా దాటేటప్పుడు వచ్చే ఎడ్మండ్ పెటస్ బ్రిడ్జి మధ్యలో ఎత్తుగా ఉంటుంది. సెల్మా వైపు నుంచి ఎక్కేవాళ్ళకి నడిమికి చేరేదాకా అవతల ఏముందో కనబడదు. ఆ రోజు ముందు వరసలో ఉన్నవాళ్ళు కూడా పైకి చేరాకే అవతల బారులు తీరిన పోలీసుల్ని చూశారు. ముందు నడిచిన జాన్ లూయిస్‌కి అప్పటికి పాతికేళ్ళు, పుర్రె చిట్లింది. సెల్మా ఉద్యమకారిణి అమీలియా బాయింటన్ స్పృహ తప్పి పడిపోయింది. నువ్వు ఆ వంతెన ఎక్కేటప్పుడు గేరు మార్చుకోవడంతో పాటు ఇదీ గుర్తు పెట్టుకో.

డల్లాస్_చక్రం, 9:33
మాస్టారూ, అందుకే వెళ్తున్నాను. మా ఆఫీసులో పక్క సీటు పెద్దాయన వాళ్ళ మేనత్త ఆ మార్చ్‌లో (పాదయాత్రలో) నడిచిందట. ఆయనే పేరు ఇప్పించాడు. కానీ ఇప్పుడు పెడల్ సంగతి చెప్పండి.

గోదారి_పిల్ల, 9:38
అన్నా, ఏ వైపు పెడల్? స్పానరా, ఆలెన్ కీనా (ఆరు పలకల కీ)? ఏ వైపుకి తిప్పుతున్నారు? ఈ మూడూ రాయకుండా ఎవరేం చెప్పగలరు?

సవ్యసాచి, 9:41
ఉల్టా, సీదా అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? సవ్యదిశ, అపసవ్యదిశ అనండి. ఎడమ పెడల్ సవ్యదిశలో తిప్పితే ఊడుతుంది.

మరమేకు, 9:43
ఎటు నుంచి చూస్తే సవ్యం?

సవ్యసాచి, 9:44
గడియారం ముల్లు తిరిగేదే సవ్యం. ఇందులో ఎటు నుంచి ఏముంది?

మరమేకు, 9:45
గడియారాన్ని వెనక నుంచి చూడు.

సవ్యసాచి, 9:47
గోడ గడియారాన్ని ఎవరూ వెనక నుంచి చూడరు. మాటకి ఒక ప్రమాణం ఉండాలి, లేకపోతే తెలుగులో సాంకేతిక విషయాలు ఎప్పటికీ రాయలేం. నేను దీని గురించి చాలాసార్లు చెప్పాను.

డల్లాస్_చక్రం, 9:52
ఎడమది. కుడిది ఎలాగో తిప్పితే వచ్చేసింది. స్పానర్ పట్టే చోటు ఈ పెడల్‌కి లేదు, 8 నంబరు ఆలెన్ కీ లోపలి వైపు నుంచి పెడుతున్నాను. ఎడమ పెడల్ రివర్స్ కాబట్టి గడియారం ముల్లు వైపే తిప్పుతున్నాను. గట్టిగా.

గోదారి_పిల్ల, 9:55
అన్నా ఆపండి! మూడు గంటలుగా బిగిస్తున్నారు.
వీడియోలో వాళ్ళు బయట నిలబడి స్పానర్‌తో తిప్పుతారు. మీరు క్రాంక్ (పెడల్ బిగించే కాడ) లోపలి నుంచి కీ పెట్టారు, అటు నుంచి చూస్తే దిశ మారిపోతుంది. సవ్యం, ఉల్టా అన్నీ మర్చిపోండి. కీ పిడి ఆకాశం వైపు నిలబెట్టండి. దాన్ని వెనక చక్రం వైపు లాగండి. కుడి పెడలైనా, ఎడమ పెడలైనా, లోపలి నుంచైనా, బయటి నుంచైనా ఇదొక్కటే. వెనక్కి లాగితే వదులు, ముందుకి తోస్తే బిగుతు.
మొదలుపెట్టే ముందు చైన్‌ని ముందున్న పెద్ద పళ్ళ చక్రం మీదికి వేయండి, పళ్ళు కప్పుకుంటాయి. పెడల్ ఒక్కసారిగా వదిలితే చెయ్యి వెళ్ళి ఆ పళ్ళకే తగులుతుంది. నా వేలికి ఇంకా మచ్చ ఉంది.

రిటైర్డ్_ఫిట్టర్, 10:04
అమ్మాయి చెప్పింది కరెక్టే. ఎడమ వైపు మర తిరగేసి ఎందుకు పెడతారో కూడా తెలుసుకో నాయనా. తొక్కుతున్నప్పుడు పడే బరువు పెడల్ ఇరుసు చుట్టూ తిరుగుతూ, మరని కొంచెం కొంచెంగా కదుపుతుంటుంది. రెండు వైపులా ఒకటే మర పెడితే ఎడమది దారిలోనే ఊడిపోతుంది. తీశాక మర మీద పాత మురికి తుడిచి, మళ్ళీ బిగించేటప్పుడు గ్రీజు రాయి. ఎండిన మర మీద బిగించడం వల్లనే ఇలా పట్టేస్తాయి. మొదటి రెండు చుట్లు చేత్తోనే తిప్పు, కీ వాడకు. అడ్డంగా మర పడితే క్రాంకే పోతుంది.

చరిత్ర_మాస్టారు, 10:09
పనిలో పని, 51 మైళ్ళు అన్నావు. అసలు మార్చ్ దారి 54 మైళ్ళు. మార్చి 7న వెనక్కి తరిమేశాక, మళ్ళీ 21న బయల్దేరి 25న మాంట్‌గొమరీ చేరారు. దారి మధ్యలో వచ్చే లౌండెస్ కౌంటీలో (మన జిల్లా లాంటిది) హైవే 80 అప్పట్లో రెండు లైన్లే, అక్కడ మూడువందల మందికి మించి నడవకూడదని జడ్జి ఫ్రాంక్ జాన్సన్ ఆర్డరు. చివరి రోజుకి పాతికవేల మంది అయ్యారు. దండి యాత్రతో పోల్చి చూడు, అది 1930లో 24 రోజులు. ఈ మార్చ్ నడిపించిన మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశం వచ్చి వెళ్ళాడు.

మరమేకు, 10:11
ప్రశ్న పెడల్ గురించి.

చరిత్ర_మాస్టారు, 10:16
పెడల్ ఎక్కడికి తొక్కుతున్నాడో కూడా ప్రశ్నలో భాగమే. ఆ లౌండెస్ కౌంటీలో 1965 మొదట్లో ఓటు నమోదైన నల్లజాతి మనిషి ఒక్కరు లేరు. నమోదు చేసుకున్న పాపానికి కౌలు రైతుల్ని ఇళ్ళలోంచి గెంటేస్తే గుడారాల్లో కాపురం పెట్టారు. ఆ గుడారాల చోటనే ఇప్పుడు హైవే పక్కన మ్యూజియం ఉంది. మంచినీళ్ళ కోసం ఎలాగూ ఆగుతాడు కదా, ఒక్క పదిహేను నిమిషాలు లోపలికి వెళ్ళి రమ్మంటున్నాను.

అట్లాంటా_అక్క, 10:22
తమ్ముడూ, ఏ ఎయిర్‌పోర్టులో దిగుతున్నావు? అట్లాంటా అయితే అక్కడి నుంచి మాంట్‌గొమరీకి 160 మైళ్ళ దాకా డ్రైవ్. అట్లాంటా టైము మీకంటే గంట ముందు, అలబామాలోకి రాగానే మళ్ళీ మీ డల్లాస్ టైమే. అలారం పెట్టేటప్పుడు చూసుకో. ఇంకోటి. రైడ్ ఒకవైపే. సెల్మాలో మొదలై మాంట్‌గొమరీలో అయిపోతుంది. కారు ఎక్కడ పెడతావు? నిర్వాహకులు పంపిన మెయిల్ సరిగ్గా చదువు, సెల్మాకి ఎలా చేరాలో అందులో ఉందేమో. గాలి కొట్టే గ్యాస్ గొట్టాలు పెట్టెలో పెట్టొద్దు, చెకిన్ దగ్గర గొడవ. చేతిపంపు చాలు.

చరిత్ర_మాస్టారు, 10:27
కారు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. వయోలా లియుజో అని డెట్రాయిట్ నుంచి వచ్చిన ఐదుగురు పిల్లల తల్లి. మార్చి 25 రాత్రి ఇదే హైవే మీద కాల్చి చంపారు. ఆమె చేస్తున్న పని, మార్చ్‌కి వచ్చినవాళ్ళని కార్లో ఇళ్ళకి చేర్చడం. రోడ్డు పక్కన ఆమె గుర్తుగా రాయి ఉంది.

సవ్యసాచి, 10:31
దిశ గురించి నేను చెప్పింది తప్పు కాదు. బయటి నుంచి చూసినప్పుడు అని రాయలేదు, అంతే.

డల్లాస్_చక్రం, 10:48
వచ్చింది!! వెనక చక్రం వైపు ఒక్క లాగు. టప్‌మని పెద్ద శబ్దం, ఇరిగిపోయిందేమో అనుకున్నాను. మర బాగానే ఉంది. చెల్లెమ్మా చాలా థాంక్స్, అందరికీ థాంక్స్. దిగేది అట్లాంటాలోనే అక్కా, కారు సంగతి ఇప్పుడే మెయిల్ వెతుకుతున్నా. మాస్టారూ, మ్యూజియం దగ్గర ఆగుతాను.

రిటైర్డ్_ఫిట్టర్, 10:53
గ్రీజు చిన్న డబ్బీలో వేసుకుని వెళ్ళు. అక్కడ దొరక్కపోవచ్చు.

గోదారి_పిల్ల, 10:55
అన్నా, ఇప్పటిదాకా ఎక్కువలో ఎక్కువ ఎన్ని మైళ్ళు తొక్కారు?

గోదారి_పిల్ల, 11:40
అన్నా?