చెవి పోటుకు దవడ చూడాల్సింది ఎవరు? ఈఎన్‌టీ డాక్టరా, పళ్ళ డాక్టరా?

నల్లగొండ సారు:
మా ఇంట్లో జరిగింది చెప్తాను, విని మీరే చెప్పండి. దసరాకు ముందు మా ఆవిడకు కుడి చెవిలో పోటు మొదలైంది. ఈఎన్‌టీ డాక్టర్ లైటు వేసి చూసి, కొంచెం ఎర్రగా ఉందని చుక్కల మందు, యాంటీబయాటిక్ రాశారు. తగ్గలేదు. రెండో డాక్టర్ వినికిడి పరీక్ష చేయించారు. అంతా నార్మల్. అయినా మళ్ళీ యాంటీబయాటిక్. సంక్రాంతి రోజు సకినం కొరికింది, దవడ టక్కుమంది, నోరు సగమే తెరుచుకుంది. పళ్ళ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. ఆయన రెండు చెవుల ముందర వేళ్ళు ఆనించి, నోరు తెరిచి మూయమన్నాడు. "నీ చెవి బాగానే ఉందమ్మా, బాధంతా దవడ కీలుది" అన్నాడు. రెండు నిమిషాలు పట్టలేదు. ఆ వేళ్ళేవో మొదటి డాక్టరే ఎందుకు పెట్టలేదు? చెవి పోటు అని వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈఎన్‌టీ వాళ్ళే దవడ చూడాలి. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

సూర్యాపేట 65:
సార్, ఈఎన్‌టీ అంటే చెవి, ముక్కు, గొంతు. దవడ అందులో లేదు. ఓపీ దగ్గర ఒక్క పూట నిలబడి లైను చూడండి. చెవి నార్మల్‌గా ఉంటే ఊరికే యాంటీబయాటిక్ రాయడం తప్పే, ఒప్పుకుంటా. ప్రతివాళ్ళకూ దవడ చూడాలనడం మాత్రం ఒప్పుకోను.

కొల్లాపూర్ మామిడి:
మా అమ్మకూ ఇంతే. నెల నుంచి చెవి పోటు. చుక్కలు వేస్తూనే ఉన్నాం.

చెవి పరీక్ష:
నేను డాక్టర్‌ను కాను, మహబూబ్‌నగర్‌లో వినికిడి పరీక్షలు చేస్తాను. దవడ కీలు చెవి రంధ్రానికి సరిగ్గా ముందర, ఆనుకునే ఉంటుంది. చిటికెన వేలు చెవిలో ఆనించి నోరు తెరిచి మూయండి, కీలు కదలడం వేలికి తెలుస్తుంది. పైగా దవడ కీలుకూ చెవి రంధ్రం ముందు భాగానికీ స్పర్శ తెచ్చేది ఒకే నరం, మెదడు నుంచి ముఖానికి వచ్చే ఐదో కపాల నరం కొమ్మ. అందుకే కీలు బాధ చెవి పోటులా తోస్తుంది. కొందరికి చెవి బరువెక్కినట్టు, గుయ్‌మన్నట్టు కూడా ఉంటుంది. ఇంకో మాట. 1934లో ఈ సంబంధం గురించి గట్టిగా రాసిన జేమ్స్ కాస్టెన్ పళ్ళ డాక్టర్ కాదు, అమెరికాలో చెవి, ముక్కు, గొంతు డాక్టరే.

సూర్యాపేట 65:
ఆ కాస్టెన్ చెప్పింది తప్పని తర్వాత తేలిందా లేదా? అది చెప్పండి.

చెవి పరీక్ష:
వెనక దంతాలు ఊడి, దవడ పైకి జరిగి చెవిని నొక్కుతుందన్నాడు. ఆ కారణం నిలబడలేదు. దవడ బాధతో జనం చెవి డాక్టర్ దగ్గరికి వస్తున్నారన్నది మాత్రం ఇప్పటికీ నిజం. నా దగ్గరికే వస్తున్నారు.

జడ్చర్ల జంక్షన్:
నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు పాత బోరు నీళ్ళు తాగినవాళ్ళకు దవడలేం మిగులుతాయి? ఫ్లోరైడ్ గురించి ఎవ్వరూ మాట్లాడరేం?

చెవి పరీక్ష:
ఫ్లోరైడ్ పళ్ళనూ ఎముకలనూ దెబ్బతీసింది నిజమే. కానీ ఆ నీళ్ళు ఎన్నడూ తాగనివాళ్ళకూ దవడ టక్కుమంటుంది. అన్నీ దాని ఖాతాలో వేస్తే అసలు కారణం దొరకదు.

దేవరకొండ ఖిల్లా:
నాకు రెండేళ్ళ కింద ఇదే బాధ. నిద్రలో పళ్ళు కొరికేదాన్నట, మా చిన్నది చెప్పేదాకా తెలియదు. పిల్లల ఫీజుల టెన్షన్‌లో పగలు కూడా పళ్ళు బిగబట్టేదాన్ని. వేడి కాపడం, దవడకు ఎక్సర్‌సైజులు, రాత్రి పళ్ళకు తొడుగు. జొన్నరొట్టెను మూడు వారాలు పప్పులో నానేసుకుని తిన్నా. మొదట రెండు వేళ్ళే పట్టేవి నోట్లో, ఇప్పుడు మూడు వేళ్ళు నిలువుగా పడుతున్నాయి. ఎక్కువమందికి ఆపరేషన్ దాకా పోదని చెప్పారు. పళ్ళు అరగదీస్తే సరిపోతుందని ఒకరన్నారు, నేను వద్దన్నాను. అరగదీసింది మళ్ళీ రాదు కదా.

జడ్చర్ల జంక్షన్:
జొన్నరొట్టె మీద నింద వేయకండక్కా. మా తాతలు అదే తిని బతికారు.

దేవరకొండ ఖిల్లా:
మానమనలేదు తమ్ముడూ. నొప్పి ఉన్నన్నాళ్ళు నానేసుకోమన్నా.

నల్లగొండ సారు:
చూశారా, అక్కకు కూడా అంతే. సూర్యాపేట అన్నా, మీరు డాక్టర్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. మీ ఇంట్లో మనిషి నాలుగు నెలలు రాత్రంతా చెవి పట్టుకుని కూర్చుంటే తెలిసేది.

సూర్యాపేట 65:
మా ఇంట్లో జరిగింది కాబట్టే మాట్లాడుతున్నా. మా నాన్న ముప్పై ఏళ్ళు బీడీలు తాగాడు. ఎడమ చెవి పోటు అంటే "దవడ" అన్నారు. తొడుగు చేసిచ్చారు. రోజూ రాత్రి కడిగి, డబ్బాలోంచి తీసి నేనే పెట్టేవాణ్ణి. ఐదు నెలలు. తర్వాత జావ కూడా దిగలేదు, మెడలో గడ్డ తేలింది. అప్పుడు గొంతులోకి పైపు వేసి చూస్తే నాలుక మొదట్లో క్యాన్సర్. నాన్న పోయి మూడేళ్ళు. దవడ అన్న మాట మీకు ఊరటనిచ్చింది సార్. నాకు ఆ మాట వింటేనే చేతులు వణుకుతాయి.

చెవి పరీక్ష:
అన్న చెప్పింది అందరూ చదవండి. గొంతులో బాధ కూడా తొమ్మిది, పది కపాల నరాల మీదుగా చెవిలో పోటుగా తెలుస్తుంది. బీడీ, గుట్కా, తంబాకు వాడేవాళ్ళకు చెవి శుభ్రంగా ఉన్నా పోటు తగ్గకపోతే గొంతు చూడకుండా దవడ అని తేల్చకూడదు. మింగడం కష్టమైనా, గొంతు మారినా, మెడలో గడ్డ కనిపించినా ఆగొద్దు. గుట్కాతో నోరు బిగుసుకుపోవడం కూడా వేరే జబ్బు, దానికి దవడ ఎక్సర్‌సైజులతో సరిపెట్టుకోకూడదు.

నల్లగొండ సారు:
అన్నా, తెలియక అన్నాను. క్షమించండి. కానీ మనిద్దరినీ "చెవి బాగానే ఉంది" అన్నాక వదిలేశారు కదా. మరి పోటు ఎక్కడిదో వెతికే బాధ్యత ఎవరిది?

సూర్యాపేట 65:
అలాగైతే మీ మొదటి పోస్టు మార్చండి. చెవి బాగుంటే ముందు గొంతు, తర్వాత దవడ అని రాయండి.

నల్లగొండ సారు:
గొంతు కూడా అని చేరుస్తాను. దవడను మాత్రం వెనక్కి నెట్టను. వేళ్ళు పెట్టి చూడటానికి ఖర్చేముంది?

కొల్లాపూర్ మామిడి:
మా అమ్మకు 61. చిన్నప్పటి నుంచి తంబాకు నములుతుంది. ఇదంతా చదివాక భయమేస్తోంది. సోమవారం ఏ ఓపీకి తీసుకెళ్ళాలి?

సూర్యాపేట 65:
ఈఎన్‌టీకే తమ్మీ. తంబాకు సంగతి వాళ్ళు అడగకపోయినా నువ్వే చెప్పు. పైపు వేసి గొంతు చూడమను. మెడ కూడా తడిమి చూడమను.

నల్లగొండ సారు:
అన్న చెప్పినట్టే చెయ్యి. అది అయ్యాక దవడ కూడా చూడమను. సోమవారం సాయంత్రం ఇక్కడ రాయి, చూస్తుంటాం.